గెలీలియో టెలిస్కోప్ బొమ్మ వేసిన జుసెప్పె బెర్తీని ఎవరు?

సైన్సు మాస్టారు:
నమస్కారం అందరికీ. మా బడి గోడపత్రికలో గెలీలియో మీద ఒక పేజీ పెడుతున్నాం. నెట్‌లో గెలీలియో అని కొట్టగానే వచ్చే ఆ రంగుల బొమ్మ ఉంది చూడండి, వెనిస్ పాలకుడికి టెలిస్కోప్‌లో ఎలా చూడాలో చెబుతున్న బొమ్మ, అదే పెడదామనుకున్నా. దాని కింద ఏం రాయాలో తేలడం లేదు. ఒకచోట బెర్తీని, 1858 అని ఉంది, ఇంకోచోట పేరే లేదు, మరోచోటైతే గెలీలియో కాలంలోనే ఎవరో ఎదురుగా కూర్చుని వేసినట్టు రాశారు. మా పిల్లలు ఊరుకోరు, అడుగుతారు. ఎవరీ బెర్తీని? ఇదొక్కటే వేశాడా, ఇంకేమైనా ఉన్నాయా?

పటాల పిచ్చి:
1858 కరెక్టే మాస్టారూ. ధైర్యంగా రాసేయండి. జుసెప్పె బెర్తీని మిలన్ వాడు, 1825లో పుట్టి 1898లో అదే ఊళ్లో పోయాడు. గెలీలియో కథ 1609 నాటిది, అంటే సంఘటనకీ బొమ్మకీ మధ్య దగ్గర దగ్గర 250 ఏళ్లు. ఇంకో సంగతి, అది కాన్వాస్ కాదు, గోడ. మిలన్‌కి ఉత్తరాన వరేజె అనే ఊరుంది, అక్కడ నూలు మిల్లులతో బాగా సంపాదించిన పోంతి కుటుంబం వాళ్ల విల్లాలో వేసిన ఫ్రెస్కో అది. అదే విల్లాలో కొలంబస్, బ్యాటరీ కనిపెట్టిన వోల్టా లాంటి వాళ్ల బొమ్మలు కూడా వేశాడు.

ఫ్రెస్కో అంటే గోడ మీద సున్నం గార తడిగా ఉండగానే రంగు వేయాలి. గార ఆరేకొద్దీ రంగు అందులో కలిసిపోయి గట్టిపడుతుంది. అందుకే మొత్తం గోడకి ఒకేసారి గార పూయరు, ఆ రోజు ఎంత మేర వేయగలరో అంతే పూస్తారు, సాయంత్రానికి ఏమైనా మిగిలితే ఆ గార గీకి పారేస్తారు. దగ్గరికెళ్లి చూస్తే ఏ రోజు పని ఎక్కడ ఆగిందో అతుకులు కనిపిస్తాయి. చెయ్యి తిరిగినవాడు తప్ప చేయలేడు.

కృష్ణలంక కుర్రోడు:
అంటే అదంతా కల్పనేనా? ఇన్నాళ్లూ నేను నిజంగా అలాగే జరిగిందనుకున్నా. అంత పెద్ద స్టాండు, పక్కన పట్టుబట్టల పెద్దమనుషులు...

సైన్సు మాస్టారు:
సంఘటన నిజమే తమ్ముడూ. 1609 ఆగస్టు 21న గెలీలియో వెనిస్ పెద్దల్ని సెయింట్ మార్క్ గంటస్తంభం ఎక్కించి దూరంగా ఉన్న ఊళ్లు, ఓడలు చూపించాడు. వాళ్లతో పాటు పైకెళ్లిన అంతోనియో ప్రియూలి అనే ఆయన ఆ పరికరం ఎలా ఉందో రాసిపెట్టాడు కూడా. రేకుతో చేసిన గొట్టం, బయట ఎర్ర గుడ్డ అంటించి ఉంది, పొడవు సుమారు 60 సెంటీమీటర్లు. అంతే. తొమ్మిది రెట్లు పెద్దదిగా చూపించేది. ఆ తర్వాత మూడు రోజులకి దాన్ని డోజ్, అంటే వెనిస్ పాలకుడు, లియొనార్దో దొనాకి కానుకగా ఇచ్చేశాడు. దానికి ప్రతిఫలంగా పదోవా విశ్వవిద్యాలయంలో ఉద్యోగం జీవితాంతానికి ఖాయం చేసి, జీతం ఏడాదికి 1000 ఫ్లోరిన్లు చేశారు. బొమ్మలో ఉన్న ఆ హంగామా మాత్రం చిత్రకారుడిదే.

పేజీలో బొమ్మ కింద "జుసెప్పె బెర్తీని, 1858" అని రాయించేశాను. పక్కనే ప్రియూలి వర్ణన పెట్టి, రెండిటికీ తేడాలు వెతకమన్నాను. ఇక బెర్తీని గురించి చెప్పండి, నాకే ఆసక్తి పెరిగింది.

పటాల పిచ్చి:
చెబుతా, కాస్త పొడుగవుతుంది.

ముందు ఇంటి సంగతి. తండ్రి జొవాన్ని బత్తిస్తా బెర్తీని గాజు మీద బొమ్మలు వేసే మనిషి. మిలన్ పెద్ద చర్చి, అదే దువోమో, దాని వెనక భాగంలో ఆకాశమంత కిటికీలుంటాయి. ఆ కిటికీల పని చాలావరకు ఈ కుటుంబానిదే. జుసెప్పె, అతని సోదరుడు పొంపెయో ఇద్దరూ ఆ కార్ఖానాలోనే చెయ్యి తిప్పుకున్నారు. పాతకాలం పద్ధతిలో అయితే రంగు గాజు ముక్కలు కోసి సీసపు పట్టీలతో అతుకుతారు. వీళ్లది వేరు, పెద్ద గాజు పలకల మీద ఎనామెల్ రంగులతో బొమ్మ వేసి బట్టీలో కాలుస్తారు. ఆయిల్ పెయింటింగ్ లాగా నీడలు, ముఖాల్లో నునుపు అన్నీ వస్తాయి. కొందరు విమర్శకులకి అదే నచ్చలేదు, కిటికీ కిటికీలా ఉండాలి గానీ పటంలా ఉండకూడదని.

అక్కణ్నించి బ్రేరా అకాడమీ. అది మిలన్‌లో చిత్రకళ నేర్పే పెద్ద బడి. అక్కడ సబతెల్లి దగ్గర చదివాడు. 1845లో, ఇరవై ఏళ్లు నిండకుండానే, ఇటలీ మహాకవి దాంతే ఒక క్రైస్తవ సాధువుని కలిసే దృశ్యం వేసి పెద్ద బహుమతి కొట్టేశాడు. ఆ తర్వాత దాంతే అతన్ని వదల్లేదు. 1851లో లండన్ మహా ప్రదర్శన జరిగింది కదా, గాజు మేడలో, అక్కడ పెట్టిన దాంతే గాజు కిటికీతో పేరు యూరప్ అంతా పాకింది. ఆ కిటికీ ఇప్పుడు మిలన్‌లోనే అంబ్రోజియానా అనే చిత్రశాలలో ఉంది.

దాంతే మీద ఎందుకంత మోజు అంటే, అప్పటికి మిలన్ ఆస్ట్రియా వాళ్ల చేతిలో ఉంది. 1848లో ఊరంతా ఐదు రోజులు వీధుల్లో పోరాడి వాళ్లని తరిమింది, వాళ్లు మళ్లీ వచ్చేశారు. 1859 దాకా అదే పాలన. బహిరంగంగా ఇటలీ ఒక్కటి కావాలి అంటే జైలు, దాంతే బొమ్మ వేస్తే కళ. గెలీలియో, కొలంబస్, వోల్టా కూడా అంతే. "మనవాళ్లు ఎలాంటివాళ్లో చూడండి" అని గోడ మీద చెప్పడం. మాస్టారు అడిగిన బొమ్మ 1858 నాటిదని గుర్తుపెట్టుకుని చూస్తే ఆ హంగామా ఎందుకో తెలుస్తుంది.

చార్మినార్ చాయ్:
ఇది బాగుంది. గెలీలియో బొమ్మ సైన్సు కోసం కాదన్నమాట, పాలిటిక్స్ కోసం.

పటాల పిచ్చి:
రెండూ చాయ్ గారూ. పైగా డబ్బులిచ్చేది మిల్లు యజమాని. యంత్రాలతో సంపాదించినవాడికి గోడ మీద దేవతల కంటే టెలిస్కోప్ నచ్చడంలో వింత లేదు.

మిలన్ మెట్రో:
నేను ఇక్కడ చదువుకుంటున్నా. బెర్తీని పేరు చూడగానే ఆగిపోయాను, ఎందుకంటే మన్జోని వీధిలో పోల్ది పెత్సోలి అని ఒక మ్యూజియం ఉంది, లా స్కాలా థియేటర్ నుంచి నడిచే దూరం, దానికి మొదటి డైరెక్టర్ ఈయనే. నాకు మ్యూజియం మనిషిగానే తెలుసు, గెలీలియో బొమ్మ కూడా ఆయనదేనని ఇప్పుడే తెలిసింది.

అది నిజానికి ఒక ధనవంతుడి ఇల్లు. జాన్ జాకొమో పోల్ది పెత్సోలి, 1822లో పుట్టాడు, పెళ్లి చేసుకోలేదు, ఆస్తంతా కత్తులు, కవచాలు, పటాలు, గాజు సామాను కొనడానికే పోశాడు. ఇంటిని బల్జరెత్తో అనే ఆర్కిటెక్ట్ తిరగకట్టాడు. ఒక్కో గదీ ఒక్కో కాలంలా ఉండాలని ఆయన పట్టు. ఆయుధాల గదిని లా స్కాలాలో నాటకాల సెట్లు వేసే ఫిలిప్పో పెరోని చేత చేయించాడంటే ఊహించుకోండి. చదువుకునే గదిని మాత్రం బెర్తీనికీ, లుయీజి స్క్రొసాతి అనే అలంకరణ చిత్రకారుడికీ అప్పగించాడు. దాన్నే దాంతే గది అంటారు, 1850ల్లో పూర్తయింది. చిన్న గది. మనం మన ఇంట్లో స్టోర్‌రూమ్‌కి ఇచ్చేంత చోటు ఉంటుందేమో. కానీ గోడలు, పైకప్పు, కిటికీ గాజు, ఎక్కడా ఖాళీ వదల్లేదు, బంగారం, నీలం, ఆకులు, తీగలు, మధ్యలో దాంతే కథలు. కళ్లు ఎక్కడ ఆపుకోవాలో తెలియదు. గుమ్మం దగ్గర నిలబడి చూశాను, మధ్యాహ్నం వెలుతురు ఆ గాజులోంచి పడితే నేల మీద ఎర్ర మచ్చలు, నీలం మచ్చలు.

1879లో ఆయన పోతూ ఇల్లు, అందులోని వస్తువులు అన్నీ జనం చూసుకోవడానికి వదిలేశాడు, చూసుకునే బాధ్యత బెర్తీనికి అప్పగిస్తూ వీలునామా రాశాడు. 1881 ఏప్రిల్‌లో మ్యూజియంగా తెరిచారు. ఆ ఏడాదే మిలన్‌లో జాతీయ ప్రదర్శన జరిగింది, దానికొచ్చిన జనమంతా ఇటూ వచ్చారు.

కృష్ణలంక కుర్రోడు:
గది అలంకరించినవాడే మ్యూజియం డైరెక్టర్ అయ్యాడా! ఇంటీరియర్ డెకరేషన్ చేసిన మేస్త్రికే ఇల్లు రాసిచ్చినట్టుంది.

మిలన్ మెట్రో:
హహ, ఇల్లు ఆయనకి రాయలేదు బ్రో, తాళాలిచ్చారంతే. పైగా 1882లో బ్రేరా చిత్రశాలని అకాడమీ నుంచి విడదీసినప్పుడు దానికి కూడా ఈయన్నే డైరెక్టర్‌ని చేశారు. ఒకే మనిషి చేతిలో ఊళ్లోని రెండు పెద్ద చిత్రశాలలు, పైగా అకాడమీలో మాస్టారు. 1898లో పోయేదాకా అంతే.

ఓరుగల్లు అమ్మాయి:
చర్చ బాగుంది గానీ బెర్తీనిని మరీ ఎత్తేస్తున్నారు అనిపిస్తోంది. నేను పాత పటాల మరమ్మతు పని నేర్చుకున్నదాన్ని, కాబట్టి నా బాధ వేరే. చిత్రకారుడే క్యూరేటర్ కావడం అప్పట్లో మామూలు విషయం, ఇబ్బందీ అక్కడే మొదలయ్యేది. చెయ్యి ఊరుకోదు కదా.

బెర్తీని కంటే ముందు బ్రేరాలో జుసెప్పె మోల్తేని అని ఉండేవాడు. 1800లో పుట్టి 1867లో పోయాడు. డబ్బుల్లేక చదువు మానేసి బొలోన్యాలో మరమ్మతు పని నేర్చుకున్నాడు, తర్వాత మిలన్‌లో పోర్ట్రెయిట్లు వేసి బాగా పేరు తెచ్చుకున్నాడు, 1850ల్లో బ్రేరా పటాల సంరక్షకుడయ్యాడు. అక్కడున్న రాఫెల్ పటం, మేరీమాత పెళ్లి, 1504 నాటిది, దాన్ని 1857–58లో శుభ్రం చేసింది ఈయనే. లండన్ నేషనల్ గ్యాలరీ డైరెక్టర్ ఈస్ట్‌లేక్ ఇటలీలో కొన్న పటాలు చాలావరకు ముందు మోల్తేని దగ్గరికెళ్లి, అక్కణ్నించి ఓడ ఎక్కేవి.

ఆయన పద్ధతి ఏమిటంటే, పాడైన చోటు నింపి ఊరుకోడు. పక్కన ఉన్న బాగున్న చోటు కూడా కాస్త నునుపు చేస్తాడు, కొంచెం గట్టిగా ఉన్న ముఖాన్ని మెత్తబరుస్తాడు. అసలు చిత్రకారుడికి "సాయం" చేయడం అన్నమాట. ఈస్ట్‌లేక్ కూడా ఇది గమనించాడు, అయినా పని ఇవ్వడం మానలేదు. లండన్‌లో పిజనెల్లో అనే పాతకాలం ఇటలీ చిత్రకారుడి పటం ఒకటుంది, ఆకాశంలో సూర్యబింబం మధ్యన మేరీమాత, కింద ఒక పక్క గంట పట్టుకుని సెయింట్ ఆంథొనీ, పక్కన పంది, ఇటు పక్క వెండి కవచం మీద వెడల్పాటి గడ్డిటోపీ పెట్టుకున్న సెయింట్ జార్జ్. గడ్డి పోచల మధ్యే చిత్రకారుడి సంతకం ఉంటుంది. అంత అందంగా ఉంటుంది గానీ అందులో పిజనెల్లో ఎంత, మోల్తేని ఎంత అని కూర్చుని లెక్కేయాల్సిందే. పోల్ది పెత్సోలిలో ఉన్న, మంతేన్యా అనే ఇంకో పాత చిత్రకారుడు వేసిన మేరీమాత పటానికీ మోల్తేని చెయ్యి తగిలింది. ఈమధ్య ఫ్లోరెన్స్ నిపుణులు ఆ పై పూతలు తీసేస్తే కింద నుంచి గరుకైన, అసలైన మంతేన్యా బయటికొచ్చాడు.

కాబట్టి నా మాటేంటంటే, చిత్రకారుల చేతికి చిత్రశాల తాళాలు ఇవ్వకూడదు.

పటాల పిచ్చి:
మోల్తేని విషయంలో మీతో గొడవ లేదండీ. కానీ ఆ లెక్క బెర్తీనికి వేయడం అన్యాయం. బెర్తీని ఒక ఇంటిని ఉన్నదున్నట్టు నిలబెట్టడానికి కూర్చున్నాడు, ఆ ఇంట్లో కొంత అతను చేసిందే. చిత్రకారుడు కాబట్టే ఆ ఇల్లు మొత్తం ఒక పటంలా చూడగలిగాడు. లెక్కల గుమాస్తా ఎవరినైనా పెట్టుంటే కత్తులు ఒక మ్యూజియానికి, పటాలు ఒకచోటికి, సామాను వేలానికి పోయేవి.

ఓరుగల్లు అమ్మాయి:
గుమాస్తా వద్దు, చిత్రకారుడూ వద్దు. చరిత్ర చదివినవాళ్లు ఉంటారు కదా. బెర్తీని తర్వాత బ్రేరాకి వచ్చిన కొర్రాదో రిచ్చి చిత్రకారుడు కాదు, ఆయన వచ్చాకే అక్కడ పటాలకి ఒక వరస వచ్చింది.

పటాల పిచ్చి:
రిచ్చి గొప్పవాడే. అంతకుముందు పదహారేళ్లు ఎవరో ఒకరు ఉండబట్టే ఆయనకి సర్దడానికి పటాలు దొరికాయి.

చార్మినార్ చాయ్:
మీరిద్దరూ కొట్టుకుంటూ ఉండండి, నాకు మాత్రం మన సాలార్‌జంగ్ గుర్తొస్తోంది. మూడో సాలార్‌జంగ్‌కీ పెళ్లి లేదు, ఉన్నదంతా వస్తువుల మీదే పోశాడు, 1949లో పోయాడు, 1951లో ఆ దేవిడీలోనే మ్యూజియం తెరిచారు. ఇక్కడ ఇంకో దగ్గరి సంబంధం ఉంది. మనం టికెట్ కొనుక్కుని క్యూలో నిలబడి చూసే ముసుగు రెబెకా శిల్పం చెక్కిన బెంజోని కూడా అదే లొంబార్దీ ప్రాంతం వాడు, బెర్గమో దగ్గరి కొండ ఊరు. బెర్తీని కంటే పదహారేళ్లు పెద్ద. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు దాన్ని.

తేడా ఏంటంటే మన దేవిడీలో వస్తువులు 1968లో కొత్త భవనానికి మారిపోయాయి. ఏ గదిలో ఏది ఎలా ఉండేదో ఇప్పుడు చూసేవాడికి తెలియదు. ఆ నవాబు ఇంట్లో కూడా ఒక బెర్తీని ఉండుంటే బాగుండేది.

మిలన్ మెట్రో:
అంత సంబరపడకండి అన్నా, ఇక్కడ కూడా మిగల్లేదు. 1943 ఆగస్టులో బాంబులు పడ్డాయి. పటాలు, వస్తువులు చాలావరకు ముందే భద్రమైన చోటికి తరలించారు కాబట్టి బతికాయి, ఇల్లు మాత్రం కుప్పకూలింది. పెరోని చేసిన ఆయుధాల గది పోయింది, ఇప్పుడున్నది అర్నాల్దో పొమొదోరో కొత్తగా చేసింది. పైకప్పులు, చెక్క పని, గోడల మీద బొమ్మలు అన్నీ బూడిద. చూడదగ్గ స్థితిలో మిగిలిన గది దాదాపు ఒక్కటే, బెర్తీని దాంతే గది. మ్యూజియం మళ్లీ తెరిచింది కూడా 1951లోనే.

చార్మినార్ చాయ్:
1951 రెండు చోట్లా! ఇది నోట్ చేసుకుంటున్నా.

కృష్ణలంక కుర్రోడు:
ఒక డౌటు. ఇన్ని చేసినవాడి పేరు ఎవరికీ ఎందుకు తెలియదు? నేను ఇటలీ చిత్రకారులు అని కొడితే అంతా లియొనార్దో, రాఫెలే వస్తారు, పందొమ్మిదో శతాబ్దం అసలు కనిపించదు.

పటాల పిచ్చి:
ఒకటి, పారిస్. ఆ శతాబ్దం రెండో సగం మొత్తం ఫ్రాన్స్ వాళ్లు ఎగరేసుకుపోయారు. రెండోది బెర్తీని వేసిన చోట్లు. గోడలు, కిటికీలు, లా స్కాలా తెర. అవును, 1862లో రఫయెలె కజ్నేదితో కలిసి లా స్కాలా తెర మీద పురాతన రోమ్ నాటి నాటకాల దృశ్యం వేశాడు. ఇవేవీ వేలంలో అమ్ముడుపోయేవి కావు, ఒక దేశం నుంచి ఇంకో దేశం ప్రదర్శనకి పోయేవీ కావు. కదలని బొమ్మకి కదలని పేరే.

మూడోది శిష్యులు. 1860 నుంచి బ్రేరాలో చిత్రకళ నేర్పాడు. తరాంక్విల్లో క్రెమోనా, మొజే బియాంకీ, ప్రెవియాతి, సెగంతీని, అందరూ ఆ తరగతి గదిలోంచి వచ్చినవాళ్లే. వాళ్లలో ఒక్కరూ గురువుగారిలా వేయలేదు. క్రెమోనా ముఖాల అంచులు పొగలా కరిగించేశాడు, సెగంతీని రంగుల్ని పలకపై కలపకుండా సన్నటి గీతలుగా పక్కపక్కన పెట్టాడు. శిష్యులు ముందుకెళ్లిపోతే గురువు పాతకాలం మనిషి అయిపోతాడు. నా దృష్టిలో అది గురువుకి మైనస్ కాదు, తన అచ్చు తీయనందుకు మెచ్చుకోవాలి.

సైన్సు మాస్టారు:
ఈ ముక్క నాకు నచ్చింది పటాల గారూ, వృత్తిరీత్యా.

ఓరుగల్లు అమ్మాయి:
సెగంతీని అకాడమీతో గొడవపడే బయటికొచ్చాడు అని మర్చిపోకండి. అన్నీ గురువు ఖాతాలో వేయకండి.

సరే, నేను కూడా ఒకటి ఒప్పుకోవాల్సిన మనిషి పేరు చెబుతా, లుయీజి కవెనాగి. 1844లో పుట్టాడు. మోల్తేని దగ్గర మరమ్మతు, బెర్తీని దగ్గర చిత్రకళ, రెండూ నేర్చుకున్నాడు. అంటే మనం ఇప్పటిదాకా తిట్టుకున్న ఇద్దరి చేతి కిందా పెరిగాడు. లియొనార్దో "చివరి విందు" పని ఆయనకే వచ్చింది, 1908లో ముగించాడు. అప్పటికి ఆ గోడ ఎలా ఉందంటే రంగు పెచ్చులు పెచ్చులుగా లేచి, ఊదితే రాలేలా. అంతకుముందు శతాబ్దాల్లో చేతిలో కుంచె ఉన్న ప్రతివాడూ దాని మీద తన బొమ్మ వేసినవాడే. కవెనాగి ముందు అది ఫ్రెస్కో కాదు, ఆరిన గోడ మీద టెంపెరా, అంటే గుడ్డుసొన లాంటి జిగురులో కలిపిన రంగు, అని తేల్చాడు, తర్వాత లేచిన పెచ్చుల్ని ఒక్కొక్కటే కిందికి అతికించుకుంటూ పోయాడు. కొత్తగా రంగు వేయడం చాలా తక్కువ.

పటాల పిచ్చి:
అంటే చిత్రకారుడి చేతికి తాళాలిస్తే ఒక్కోసారి బాగానే ఉంటుందని ఒప్పుకున్నట్టేగా?

ఓరుగల్లు అమ్మాయి:
కవెనాగికి తాళాలు ఎవరిచ్చారండీ, నిచ్చెన ఇచ్చారు. బెర్తీని పోయాక పోల్ది పెత్సోలి తాళాలు వెళ్లింది కమిల్లో బోయితో చేతికి, ఆయన ఆర్కిటెక్ట్, పాత కట్టడాలకి ఎంత తక్కువ చెయ్యి పెడితే అంత మంచిదని 1883లోనే రాసి పెట్టినవాడు. ఆయన గురించి వేరే థ్రెడ్ తెరవండి, అక్కడ కొట్టుకుందాం.